వీధి వైపు తెర

ఏప్రిల్ 6, శనివారం

ఈ ఊరు కాదు. బేకరీలో కొన్న వెనిలా స్లైస్ మీది చక్కెర పూత కాగితానికే అంటుకుపోయింది, రెండు పొరల మధ్య కస్టర్డ్ జారి ఒళ్ళో పడింది. మా ఆయన నెవిల్ ఉంటే ఊరి పొలిమేర దాటకముందే తీర్పు చెప్పేసేవాడు. "బేకరీయే ఇలా ఉంటే ఇంక ఊరెలా ఉంటుందో ఆలోచించు గ్లెన్" అనేవాడు. గ్లెనిస్ అనే నా పేరును గ్లెన్ చేసింది కూడా అతనే. పెళ్ళయిన కొత్తలో పెట్టుకున్న నియమం అది. సెలవుల ఇల్లు కోసం ఏ ఊరు చూసినా ముందు బేకరీకి వెళ్ళాలి. ఒక స్లైస్ కొని, సగం సగం చేసుకుని, జెట్టీ మీద కూర్చుని తినాలి. అది నచ్చితేనే ఇళ్ళ సంగతి. అలా ఈ తీరం పొడుగునా బేకరీలన్నీ తిరిగాం కానీ ఇల్లు మాత్రం కొనలేదు.

ఇవాళ మొత్తం స్లైస్ నేనొక్కదాన్నే తిన్నాను.

ఇల్లు బాగానే ఉంది. వంటగదిలోంచి సముద్రం కనిపించింది కూడా. అయినా నియమం నియమమే.

నెవిల్ మార్చిలో మా అడిలైడ్‌లోనే, గ్లెనెల్గ్ పేటలో ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాడు. కొంతకాలం ఒంటరిగా ఆలోచించుకోవాలట. ఏం ఆలోచించుకోవాలో చెప్పలేదు, నేనూ అడగలేదు. పొట్టిచేతుల చొక్కాలు మాత్రమే పట్టుకెళ్ళాడు కాబట్టి జూన్ చలి ముదరకముందే వచ్చేస్తాడు. ఈలోగా మంచి ఊళ్ళో మంచి ఇల్లు చూసిపెడితే ఇద్దరం కలిసి చేసుకోవడానికి ఒక పని ఉంటుంది. ఉద్యోగాలు మానేశాక మాకొచ్చిన చిక్కల్లా అదే.

ఏప్రిల్ 7, ఆదివారం

నిన్నటి ఇంటి ఫొటో నెవిల్‌కు పంపాను. చూసినట్టు ఫోన్లో టిక్కు పడింది, జవాబు రాలేదు. ఆదివారం కదా, ఫుట్‌బాల్ చూస్తూ ఉంటాడు.

ఏప్రిల్ 20, శనివారం

ఇంకో ఊరు. ఇదీ కాదు. కాఫీ కొట్లో కుర్చీ దొరకలేదు, కుక్కలకు కూడా స్వెటర్లు. అందరూ అడిలైడ్ నుంచి దిగినవాళ్ళే. అడిలైడ్ మొహాలే చూడాలంటే ఇంత దూరం రావడం ఎందుకు? స్లైస్ సన్నగా కోసి పువ్వు పెట్టి ఇచ్చారు. నెవిల్‌కు చెబితే పగలబడి నవ్వుతాడు. చెప్పడానికి ఫోన్ చేశాను, ఎత్తలేదు.

మే 4, శనివారం

పోర్ట్ మెర్రిన్.

ఊరి దారి పట్టగానే ఎదురొచ్చిన ప్రతి బండిలోనూ స్టీరింగ్ మీద చూపుడువేలు లేచింది. ఇలాంటి ఊళ్ళలో అంతే, తెలిసినవాడైనా తెలియనివాడైనా ఎదురుపడితే ఒక వేలు లేపాల్సిందే. నెవిల్‌కు అది మహా ఇష్టం. నేను పక్క సీట్లో కూర్చుని ఎన్ని వేళ్ళు లేచాయో చెబుతూ ఉండేదాన్ని. ఇవాళ నేనే లేపాను. మొదటిసారి ఆలస్యంగా లేపాను, అతను దాటిపోయాడు.

బేకరీ పాసయింది. కస్టర్డ్ నిలబడింది, పైన పాషన్ ఫ్రూట్ గింజలు. సగం తిని మిగతా సగం కాగితంలో చుట్టి కారులో పెట్టాను.

ఇల్లు జెట్టీకి వెళ్ళే వీధిలో ఉంది. రేకు కప్పు, పక్కన వాననీళ్ళ ట్యాంకు, వెనకాల కారు షెడ్డు, వీధి వైపు పెద్ద కిటికీ. చూపించడానికి వచ్చిన ఏజెంట్ పేరు బ్రెట్. మెరిసిపోయే పళ్ళు, ఒక్కటీ దేవుడిచ్చింది కాదు. దంతవైద్యుడి దగ్గర వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే బల్ల ముందు జీవితమంతా కూర్చున్నాను కదా, మనిషిని చూస్తే నోటికేసే పోతాయి నా కళ్ళు. నాతోపాటు ఒక కుర్ర జంట కూడా సెలవుల ఇల్లు చూడ్డానికి వచ్చింది, చంకలో పాప. బ్రెట్ వాళ్ళకు వంటగది చూపిస్తుంటే వెనక తలుపులోంచి ఒక ముసలావిడ రబ్బరు బూట్లతో సొంతింట్లోకి వచ్చినట్టు వచ్చేసింది.

"పాపకు పాకడం వచ్చిందా అమ్మాయ్?" అంది.

"ఇప్పుడిప్పుడే" అంది ఆ తల్లి ముచ్చటగా.

"అయితే జాగ్రత్త. ఎండాకాలం ఆ ట్యాంకు కింద పాములుంటాయి. మంచివే, కానీ పాపకు ఆ సంగతి తెలియదుగా."

"ఐవీ గారూ, దయచేసి మీ ఇంటికి వెళ్ళండి" అన్నాడు బ్రెట్. పళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి కానీ నవ్వు లేదు.

"వెళ్తాన్లే. ట్యాంకులో పడి చచ్చిన పాసమ్ సంగతి వాళ్ళకు చెప్పావా మరి?"

"ట్యాంకులో ఏమీ పడలేదు!"

"పడింది నాయనా, నీకు పళ్ళు రాకముందు."

కుర్ర జంట పాపను ఎత్తుకుని మర్యాదగా వెళ్ళిపోయారు. నాకు నవ్వాగలేదు. నవ్వి చాలా రోజులైందని అప్పుడు తెలిసింది. ఐవీ నా వైపు తిరిగింది. ఎనభై దాటి ఉంటుంది, పళ్ళు మాత్రం అన్నీ సొంతవే.

"నువ్వు రోజూ ఉండేదానివా, సెలవులకొచ్చే బాపతా?"

"సెలవులకేనండీ. మేమిద్దరం."

"ఇద్దరమంటున్నావు. మరి ఆ రెండో ఆయనేడీ?"

"పనుంది ఆయనకు."

అబద్ధమేమీ కాదు. శనివారాలు కూడా ఏదో ఒక పని ఉంటుంది మనిషికి.

"అయితే నీకూ పాముల సంగతి చెప్పాలి" అని విసవిసా రోడ్డు దాటి ఎదురింట్లోకి వెళ్ళిపోయింది.

మే 5, ఆదివారం

పోర్ట్ మెర్రిన్ ఇంటి ఫొటోకి నెవిల్ బొటనవేలు బొమ్మ పెట్టాడు! నచ్చిందన్నమాట.

మే 6, సోమవారం

మిగతా సగం స్లైస్ ఇవాళ పారేశాను. నెవిల్ ఎలాగూ మెత్తబడింది తినడు.

మే 18, శనివారం

బజారు నుంచి వచ్చేసరికి నెవిల్ చలికోటు లేదు. నల్లబూట్లు లేవు, రేడియో లేదు. ఇంటి తాళంచెవి వంటింటి బల్ల మీద మర్చిపోయాడు. నేను లేనప్పుడు చూసి వచ్చాడు, నన్ను కష్టపెట్టడం ఇష్టం లేక. మొదటినుంచీ అంతే, నా మనసు నొప్పించే పనేదైనా ఉంటే నేను లేనప్పుడే చేస్తాడు.

తాళంచెవి కవర్లో పెట్టి గ్లెనెల్గ్ చిరునామా రాశాను. పాపం వెతుక్కుంటాడేమో.

మే 19, ఆదివారం

చెల్లెలు బెవ్ ఫోన్ చేస్తే మాటల్లో తాళంచెవి సంగతి చెప్పాను.

"మర్చిపోలేదక్కా. ఇచ్చేసి వెళ్ళాడు" అంది.

"నీకెప్పుడూ తొందరేనే."

"నాకు తొందరా? మూడు నెలలుగా ఇంటి బయటున్న మొగుడి కోసం సముద్రం ఒడ్డున ఇల్లు వెతికేది నువ్వా, నేనా?"

"రెండు నెలలు" అని ఫోన్ పెట్టేశాను.

కవర్ పోస్టులో వెయ్యలేదు. వచ్చినప్పుడు చేతికే ఇస్తాను.

జూన్ 8, శనివారం

పోర్ట్ మెర్రిన్ నుంచే రాస్తున్నాను. ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు. ఇంతకుముందు ఇందులో ఉన్న క్లారీ అనే పెద్దాయన జనవరిలో పోయాడట, కొడుకు పెర్త్‌లో ఉంటాడు. చలికాలమంతా ఖాళీగా పడుండే బదులు, కొనే ఉద్దేశం ఉంటే అద్దెకు ఉండి చూడమని కొడుకు తరఫున బ్రెట్ అన్నాడు. సరేనన్నాను. నెవిల్ ఎప్పుడూ చెప్పేవాడు, ఊరిని ఎండాకాలం చూడకూడదు, జూన్‌లో చూడాలని.

జూన్‌లో ఇక్కడ చూడ్డానికి సముద్రపు నాచు తప్ప ఏమీ లేదు. వీధిలో ఇళ్ళన్నీ సెలవుల ఇళ్ళే, అన్ని కిటికీలకూ తెరలు దించేసి ఉన్నాయి. ఎదురుగా ఐవీ ఇంటికొక్కదానికే తెర పైకి చుట్టి ఉంది, కిటికీలో జెరేనియం కుండీ. ఉప్పుగాలికి కారు తుప్పు పడుతుందని నెవిల్ అంటాడు కాబట్టి షెడ్డులో పెట్టి తలుపు మూశాను. వీధి వైపు తెర దించేశాను. ఒక్కదాన్నే కూర్చుని సూప్ తాగడం దారినపోయేవాళ్ళు చూడనక్కర్లేదు.

జూన్ 11, మంగళవారం

జ్వరం. గొంతు.

జూన్ 12, బుధవారం

జ్వరం తగ్గలేదు. లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చుకోవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. పొద్దున తెర సందులోంచి ఐవీ వీధిలో నడుచుకుంటూ వెళ్ళడం చూశాను. పిలిచాను, గొంతు రాలేదు. ఆవిడ ఇటు తలైనా తిప్పలేదు. ఎంత పొగరు! నేను కొనడం ఇష్టం లేదని మనిషిని మనిషిగా కూడా చూడదా?

నెవిల్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. జ్వరమని మెసేజ్ పెట్టలేదు, కంగారు పడతాడు. బెవ్‌కు చెయ్యను. నేను చెప్పలేదా అంటుంది.

ఇక్కడే పోతే ఎప్పటికి తెలుస్తుంది ఎవరికైనా? బ్రెట్‌కు తెలుస్తుంది, అద్దె గడువు తీరాక.

జూన్ 13, గురువారం

జ్వరం వదిలింది. గది వాసన భరించలేక కిటికీ తెరుద్దామని తెర పైకి చుట్టాను. కెటిల్లో నీళ్ళు పోశానో లేదో తలుపు బాదుతున్న చప్పుడు. ఐవీ, చేతిలో గరిటె. దొంగలనుకుని వచ్చిందట.

"నువ్వా! ఎప్పుడొచ్చావ్?"

"శనివారం."

"శనివారమా? మరి తెర దించి ఉందేం?" నా మొహం చూసి గరిటె దించింది. "ఒంట్లో బాగోలేదా? అయ్యో, లోపలే ఉన్నావా ఇన్నాళ్ళూ?"

"మీరు రోజూ ఈ ఇంటి ముందునుంచే వెళ్ళారు. ఒక్కసారైనా ఇటు చూడలేదు" అన్నాను. ఏడుపొచ్చేసింది, జ్వరం నీరసానికి.

ఐవీ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, స్టవ్ వెలిగించి, తన ఇంట్లోంచి గుమ్మడికాయ సూప్ తెచ్చి, నేను తాగుతుంటే ఎదురుగా కూర్చుని చెప్పింది. పోర్ట్ మెర్రిన్‌లో ఏడాది పొడుగునా ఉండేది ముసలివాళ్ళే, అందులో చాలామంది ఒంటరివాళ్ళు. పొద్దున లేవగానే వీధి వైపు తెర పైకి చుట్టాలి. చుట్టి ఉంటే ఆ మనిషి లేచినట్టు. టీ వేళ దాటినా తెర లేవలేదంటే ఎదురింటివాళ్ళు వెళ్ళి తలుపు కొట్టాలి. ఇదెవరూ పెట్టిన నియమం కాదు, అడగనక్కర్లేదు, చెప్పనక్కర్లేదు. అయితే ఎప్పుడూ దించి ఉండే ఇల్లు సెలవుల ఇల్లు. దాన్నెవరూ చూడరు.

"దించి ఉంటే ఇంట్లో ఎవరూ లేనట్టే అమ్మాయ్. ఖాళీ ఇంటి తలుపు ఎవరు కొడతారు?"

"నాకెవరు చెప్పారని?"

"కారు కూడా దాచేశావు. ఇంక నేనేం చెయ్యను, వాసన చూడనా?"

ఇన్నేళ్ళూ ఐవీ తెర క్లారీ చూసేవాడు, క్లారీ తెర ఐవీ చూసేది. జనవరిలో వీధి నిండా సెలవులకొచ్చినవాళ్ళు, పిల్లలు, పాటలు. ఒకరోజు క్లారీ తెర లేవలేదు. ఈ గోలకు ఎక్కడికైనా పోయి ఉంటాడులే అనుకుంది. మధ్యాహ్నం ఎండ దిగాక వెళ్ళింది.

"ఇంకొంచెం ముందు వెళ్ళుంటే?" అని అడగబోయి ఊరుకున్నాను. ఆవిడే చెప్పింది, "ముందెళ్ళినా పోయేవాడేనంది నర్సు. అయినా వెళ్ళాల్సింది."

ఇప్పుడు ఐవీ తెర చూసేవాళ్ళు లేరు. ఆ వీధిలో మిగిలింది ఆవిడే. ఎదురుగా ఎవరూ లేకుండా వచ్చే ఎండాకాలం దాకా ఉండనివ్వనని మేనల్లుడు అంటున్నాడట, పట్నంలో వృద్ధుల హాస్టల్లో గది చూశాడట. సెలవుల ఇంటికని బ్రెట్ తెచ్చే ప్రతివాళ్ళకూ ఈవిడ పాములు, పాసమ్‌లు ఎందుకు చూపిస్తోందో అప్పటికి అర్థమైంది.

"నువ్వూ శని ఆదివారాలకే కదా వచ్చేది" అంది గిన్నె తీసుకుంటూ. "తాగేశాక పడుకో."

జూన్ 14, శుక్రవారం

పొద్దున తెర చుట్టాను. ఎదురింట్లో ఐవీ గరిటె ఊపింది. నేను స్పూన్ ఊపాను.

జూన్ 22, శనివారం

నెవిల్ ఫోన్ ఎత్తాడు. ఇల్లు ఒకసారి వచ్చి చూడు, నీకు నచ్చకపోతే వద్దు, ట్యాంకు, కప్పు నాకేం తెలుస్తాయి అన్నాను.

"చూద్దాం గ్లెన్, వీలైతే" అన్నాడు.

పళ్ళ డాక్టర్ దగ్గర బల్ల ముందు కూర్చున్నన్నాళ్ళూ ఆ మాట వినీ వినీ ఉన్నాను. చూద్దాం, వీలైతే అన్నవాళ్ళు ఒక్కరూ వచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ పేరు పెన్సిలుతో రాసుకునేదాన్ని. కానీ వాళ్ళు పన్ను పీకించుకోవాల్సినవాళ్ళు. నెవిల్ అలా కాదు.

జూన్ 29, శనివారం

వస్తానన్నాడు! వచ్చే శనివారం. నేను చెప్పానా!

జుట్టు కత్తిరించుకున్నాను. ఐవీకి చెబితే, "ఆ రెండో ఆయన పళ్ళున్నవాడేనా?" అంది.

జూలై 6, శనివారం

వచ్చాడు.

కప్పు చూశాడు. ట్యాంకు పిడికిలితో కొట్టి చూశాడు, వంగి నేల బల్లలు చూశాడు. చలికోటు వేసుకున్నాడు. కొత్త మఫ్లర్ ఒకటి చుట్టుకున్నాడు, నేను కొన్నది కాదు. బాగుందన్నాను. జెట్టీ మీద కూర్చుని స్లైస్ సగం చేశాను. పెద్ద సగం అతనికిచ్చాను. సగమూ తిన్నాడు, చేతులు దులుపుకున్నాడు, "గట్టి స్లైసే" అన్నాడు.

"మరి కొందామా?"

"మంచి ఇల్లు గ్లెన్. నువ్వు కొనుక్కో."

"ముందుగది నీ చేపల గాలాలకు..."

"గ్లెన్. నేను తిరిగి రాను. ఆ మాట చెప్పాలనే వచ్చాను. ఫోన్లో చెప్పడం బాగుండదని."

"అంటే ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

గాలి ఎక్కువగా ఉంది. స్లైస్ కాగితం ఎగిరి నీళ్ళలో పడింది, దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎందుకని అడిగాను. చెప్పాడు. ఎవరూ లేరట, గొడవేమీ లేదట. నా పక్కన ఉంటే తను ముసలివాడినైపోయాననిపిస్తుందట. నాకు అరవై ఒకటి, అతనికి అరవై మూడు. ఏమనిపించాలని?

తిరిగొచ్చేసరికి ఐవీ గేటు దగ్గర నిలబడి ఉంది. "రెండో ఆయన నువ్వేనా? కప్పు ఎలా ఉంది?" అంది. నెవిల్ మర్యాదగా "దిట్టంగా ఉందండీ" అన్నాడు. ఐవీ నా మొహం చూసి పాముల సంగతి ఎత్తలేదు.

కారు వెనక్కి తీసి వీధిలోకి తిప్పాడు. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి ఊపుతాడనుకున్నాను. స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు లేపాడు, దారిలో ఎదురొచ్చినవాళ్ళకు లేపినట్టు.

నేనూ లేపాను. అలవాటు.

జూలై 7, ఆదివారం

వాన.

జూలై 9, మంగళవారం

అడిలైడ్. ఇల్లు వద్దని బ్రెట్‌కు చెప్పేశాను. ఒక్క మనిషికి సముద్రం ఒడ్డున ఇల్లెందుకు? "పర్లేదు మేడమ్, ఒక కంపెనీ వాళ్ళు అడుగుతున్నారు, రోజువారీ అద్దెకిచ్చుకోవడానికి" అన్నాడు. వచ్చేవాళ్ళు సాయంత్రం దిగి పొద్దున వెళ్ళిపోతారు. తెర సంగతి వాళ్ళకెవరు చెబుతారు? ఐవీ వాళ్ళకు ఏ పాము కథ చెప్పినా కంపెనీ భయపడదు.

ఐవీ నాకేమవుతుందని? ఏమీ కాదు.

జూలై 10, బుధవారం

ఏమీ కాదు.

జూలై 20, శనివారం

నెలాఖరు దాకా అద్దె కట్టాను కదా అని సామాను తెచ్చుకోవడానికి పోర్ట్ మెర్రిన్ వచ్చాను. వచ్చింది సామాను కోసమే. వెళ్ళిపోతున్నట్టు ఐవీకి బ్రెట్ ముందే చెప్పేశాడు. వాకిట్లో కనబడి "దారిలో జాగ్రత్త, కంగారూలు అడ్డమొస్తాయి" అంది. అంతే అంది. సూప్ తేలేదు.

జూలై 21, ఆదివారం

ఒక్క ముక్క సరిగా రాయలేకపోతున్నాను. కోపంతోనే.

పొద్దున లేచి తెర చుట్టాను. ఎదురుగా ఐవీ తెర దించి ఉంది. కెటిల్ పెట్టి మళ్ళీ చూశాను. దించే ఉంది. ఆదివారం కదా అనుకున్నాను. ఆ మాట అనుకోగానే నామీద నాకే అసహ్యం వేసింది. ఆదివారం కదా అని ఎన్ని సంగతులు సర్దిచెప్పుకున్నాను ఈ ఏడాది! నైటీ మీదే, చెప్పుల్లేకుండా పరుగెత్తాను. కంకర గుచ్చుకుంది. తలుపు బాదాను, "ఐవీ! ఐవీ!" అని అరిచాను, వెనక తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

ఐవీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. పౌడరు రాసుకుని, జుట్టు దువ్వుకుని. బల్ల మీద టీపాట్, రెండు కప్పులు.

"క్లారీ అయితే కెటిల్ కూత పెట్టకముందే వచ్చేవాడు" అంది.

జీవితంలో ఎవరినీ అంతలా తిట్టలేదు. "చచ్చిపోయారనుకున్నాను! నా గుండె ఆగిపోయింది! ఇదేం ఆట? బుద్ధుందా మీకు?" అని అరుస్తూ ఆ వంటింటి నేల మీద చతికిలబడి ఏడ్చాను. ఐవీకి వంగడం కష్టం. కుర్చీలోంచే చెయ్యి చాచి నా తల మీద పెట్టింది.

"వెళ్ళిపోతున్నావు కదా. చూస్తావో లేదో తెలుసుకోవాలనిపించింది. తప్పే. తిట్టు."

"తిట్టానుగా."

"ఇంకా తిట్టు. నేను చచ్చిపోయానని ఒక మనిషి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఇవాళ నన్నేమన్నా నాకు బాగానే ఉంటుంది."

టీ తాగాం. చల్లారిపోయింది. అప్పుడు చెప్పాను, "ఆయన ఇంక రాడు ఐవీ. మేమిద్దరం కాదు. నేనొక్కదాన్నే." బెవ్‌కు కూడా ఇంకా చెప్పని మాట. నోటితో అనేసరికి అదొక మామూలు వాక్యంలాగే వినిపించింది.

"తెలుసులే. ఇంటి కప్పు చూసినంతసేపు నీ మొహం చూడలేదు అతను" అంది ఐవీ. "ఇల్లు కొనమని నేను అడగను. నా తెర చూడ్డానికి ఎవరూ ఇల్లు కొనుక్కోనక్కర్లేదు. హాస్టల్లో నర్సులుంటారు."

"వెళ్ళాలని ఉందా మీకు?"

"ఆ హాస్టల్లో కిటికీలు పార్కింగు వైపు ఉంటాయి" అంది, కప్పులు కడగడానికి లేస్తూ.

జూలై 22, సోమవారం

కంపెనీ వాళ్ళు సంతకం పెట్టారా అని బ్రెట్‌ను అడిగాను. లేదట. అయితే ఆగమన్నాను.

"సెలవుల ఇల్లుగానేనా మేడమ్?" అన్నాడు.

"కాదు. ఉండడానికి" అన్నాను. చెప్పాక చాలాసేపు భయమేసింది.

జూలై 23, మంగళవారం

బెవ్: "ఎవరో ముసలావిడ కోసం ఊరొదిలి పోతావా అక్కా?"

"ఆవిడ కోసం కాదే. నాకు జ్వరమొచ్చినప్పుడు నీకు ఫోన్ చెయ్యలేదు, తెలుసా?"

"ఎందుకు చెయ్యలేదూ!"

"నేను చెప్పలేదా అంటావని."

"అనేదాన్నే. అని, బయలుదేరి వచ్చేదాన్ని" అంది. ఎండాకాలం వస్తానంది. వస్తుంది. బెవ్ పేరు పెన్సిలుతో రాయక్కర్లేదు.

ఆగస్టు 24, శనివారం

నెవిల్ తాళంచెవి కవర్లోంచి తీసి అడిలైడ్ ఇంటి ఏజెంట్‌కు ఇచ్చేశాను. ఆ ఇల్లు అమ్మేస్తున్నాం.

ఆగస్టు 30, శుక్రవారం

సామాను దిగింది. దారిలో ఎదురొచ్చిన బండ్లన్నిటికీ వేలు లేపాను, ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. కారు షెడ్డులో పెట్టలేదు. తుప్పు పడితే పడనీ.

బేకరీలో స్లైస్ అడిగితే "ఒకటా, రెండా?" అంది ఆ అమ్మాయి. రెండన్నాను. ఒకటి ఐవీకి తీసుకెళ్ళాను. ఒక ముక్క నమిలి పక్కన పెట్టేసింది.

"పుట్టినప్పటినుంచీ ఈ ఊళ్ళోనే ఉన్నాను, ఈ స్లైస్ నాకు ఎప్పుడూ నచ్చలేదు. జిగురు."

"మరి ఆ రోజే చెబితే నేను ఈ ఊరు వదిలేసి వెళ్ళిపోయేదాన్నిగా!"

"తెలిస్తే చెప్పేదాన్నే. పాసమ్ కథ కంటే తేలిక."

ఆగస్టు 31, శనివారం

మంచం మీద నుంచే రాస్తున్నాను. ఎప్పుడో తెల్లారింది. మాగ్‌పై పిట్టలు అరిచి అరిచి వెళ్ళిపోయాయి. లేవలేక కాదు, ఒంట్లో బాగానే ఉంది.

తెర చుట్టలేదు. కావాలనే.

తిక్క పని. ఐవీని అన్నేసి మాటలని, ఇప్పుడు నేను చేస్తున్నదేమిటి? ఆవిడకు ఎనభై దాటాయి, కంకరలో పడితే? లేచి చుట్టేస్తాను. ఇంకొంచెంసేపాగి చుట్టేస్తాను.

టీ వేళ దాటింది. ఎవరూ రాలేదు. ఆవిడ చూపు సరిగా ఆనదేమో. నేనొచ్చిన సంగతి మర్చిపోయిందేమో, తెర చూసి ఖాళీ ఇల్లనుకుందేమో. ఇన్నాళ్ళూ ఈ ఇంటి తెర దించే కదా ఉంది. నవ్వుతాలుకు మొదలుపెట్టాను, ఇప్పుడు నవ్వు రావడం లేదు. లేస్తే లేవొచ్చు. లేవాలని లేదు. ఎవరైనా వస్తే లేస్తాను.

రేకు మీద వాన మొదలైంది. ఈ వానలో ఎవరొస్తారు?

గేటు.

గేటు చప్పుడే. రబ్బరు బూట్లు, మెట్టు మీద దభీమని. "గ్లెనిస్! ఏయ్ గ్లెనిస్! ఉన్నావా పోయావా? తలుపు తియ్యి, తడిసిపోతున్నాను!"

ఉన్నాను. లేస్తున్నాను.